కొండవాగు నీళ్లు – ఒక పరాన్నజీవి మూడు వందల ఏళ్ల కథ



ఈసారి నేను చెప్పబోయే చరిత్రకు ముందు, నా వైద్యవృత్తిలో జరిగిన ఒక పొరపాటును మీతో పంచుకోవాలి. ఆ పొరపాటే నన్ను ఈ చరిత్ర చదివేలా చేసింది.

దాదాపు ముప్పై ఏళ్ల క్రితం మాట. ఇరవై రెండేళ్ల ఇంజనీరింగు విద్యార్థి ఒకడు కడుపు ఉబ్బరంతో నా వద్దకు వచ్చాడు. రోజుకు నాలుగైదు విరేచనాలు. రక్తం లేదు, జ్వరం లేదు. మలం జిడ్డుగా, నీటిమీద తేలేదిగా ఉండేది. కుళ్లిన కోడిగుడ్డు వాసనతో త్రేన్పులు వచ్చేవి. నేను ఒకసారి మలపరీక్ష చేయించాను. పరాన్నజీవులేవీ కనబడలేదని నివేదిక వచ్చింది. యాంటీబయాటిక్ ఇచ్చాను, తగ్గలేదు. మరొకటి ఇచ్చాను, అదీ పనిచేయలేదు. మూడో నెలకు వచ్చేసరికి ఆ అబ్బాయి ఏడు కిలోల బరువు తగ్గిపోయాడు. పరీక్షల ఒత్తిడివల్ల వచ్చిన పేగుల వ్యాధి అని వాళ్ల నాన్నగారికి నేను చాలా ధీమాగా చెప్పాను.

చివరకు నాకంటే పెద్దవారైన ఒక వైద్యుని వద్దకు అతణ్ణి పంపించాను. ఆయన పొట్టమీద చేయి వేయకముందే ఒక ప్రశ్న వేశారట. "బాబూ, ఈ జబ్బు మొదలు కావడానికి రెండు మూడు వారాల ముందు ఎక్కడికైనా వెళ్లావా? అక్కడ ఏ నీళ్లు తాగావు?" ఆ అబ్బాయి స్నేహితులతో కలిసి హిమాలయాల్లో ట్రెకింగ్‌కు వెళ్లి వచ్చాడు. దారి పొడవునా సెలయేటి నీళ్లే తాగాడు. ఇంటికి వచ్చిన పది రోజుల తర్వాత జబ్బు మొదలైంది కనుక, ఆ రెండింటికీ సంబంధం ఉందని అతనికి తోచలేదు. అడగాలని నాకూ తోచలేదు. మూడు వేర్వేరు రోజుల మలాన్ని పరీక్షిస్తే మూడోదానిలో జియార్డియా సిస్టులు కనబడ్డాయి. ఒక్క మోతాదు టినిడజోల్‌తో మూడు నెలల జబ్బు దారికి వచ్చింది.

నేను అడగని ఆ ఒక్క ప్రశ్నను వైద్యశాస్త్రం కూడా చాలాకాలం అడగలేదని తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ కథే ఇది.

డెల్ఫ్ట్ నగరపు బట్టల వర్తకుడు

హాలండులోని డెల్ఫ్ట్ పట్టణంలో ఆంటొని వాన్ లీవెన్‌హుక్ అనే బట్టల వర్తకుడు ఉండేవాడు. ఆయన వైద్యుడు కాడు, విశ్వవిద్యాలయంలో చదివినవాడూ కాడు. తానే స్వయంగా సానపట్టిన చిన్న కటకాలతో కనబడిన ప్రతి వస్తువునూ పరిశీలించేవాడు. చెరువు నీరు, పంటిపాచి, రక్తం, ఏదీ వదలలేదు. చూసినదాన్ని లండన్‌లోని రాయల్ సొసైటీకి ఉత్తరాల రూపంలో రాసేవాడు.

1681 నవంబరు 4న రాబర్ట్ హుక్‌కు రాసిన ఉత్తరంలో, తనకు విరేచనాలు పలుచగా అయిన రోజుల్లో తన మలాన్ని కటకం కింద చూసిన సంగతి చెప్పాడు. ఎర్ర రక్తకణం కంటే కాస్త పెద్దవైన చిన్న జీవులు అందులో చురుకుగా కదులుతున్నాయని వర్ణించాడు. మలం మామూలుగా ఉన్న రోజుల్లో అవి కనబడలేదని కూడా గమనించాడు. ఈ రెండో మాట ఎంత విలువైనదో చూడండి. జీవిని చూడడమే కాక, దానికీ తన ఒంట్లోని మార్పుకూ ఉన్న పొంతనను కూడా ఆ వర్తకుడు రాసిపెట్టాడు.

ఆయన చూసినది జియార్డియా అని బ్రిటిష్ శాస్త్రవేత్త క్లిఫర్డ్ డోబెల్ 1920లో ఆ వర్ణన ఆధారంగా గుర్తించాడు. అంటే చూడడానికీ, చూసినది ఫలానా అని తేల్చడానికీ మధ్య 239 ఏళ్లు గడిచాయి.

పేరు దొరికింది, నేరం రుజువు కాలేదు

1859లో ప్రాగ్ నగరంలో విలేమ్ లాంబ్ల్ అనే చెక్ వైద్యుడు విరేచనాలతో బాధపడే పిల్లల మలంలో ఈ జీవినే మళ్లీ చూశాడు. ఈసారి బొమ్మ గీసి వివరంగా ప్రచురించాడు. 1882లో కప్పపిల్లల పేగుల్లో ఇటువంటి జీవినే చూసిన ఫ్రెంచి శాస్త్రవేత్త కున్‌స్ట్లర్, పారిస్‌కు చెందిన జీవశాస్త్రవేత్త అల్ఫ్రెడ్ జియార్ పేరు మీద దానికి జియార్డియా అని పేరు పెట్టాడు. మనిషిలో కనబడే దానికి లాంబ్ల్ పేరు కూడా కలిసి, 1915 నాటికి 'జియార్డియా లాంబ్లియా' స్థిరపడింది.

ఈ జీవి రూపం ఒకసారి చూసినవారు మరిచిపోలేరు. నిలువుగా కోసిన జామపండు ఆకారం. లోపల రెండు కేంద్రకాలు రెండు కళ్లలా ఉంటాయి. ఎనిమిది కశాభాలు. సూక్ష్మదర్శినిలో నుంచి అది మనవంకే చూస్తున్నట్టుంటుంది. దాని అడుగున అంటుకునే బిళ్ల వంటి భాగం ఉంటుంది. దానితో చిన్నపేగు గోడను పట్టుకుని బతుకుతుంది. పేగులో కిందికి జారుతున్నప్పుడు చుట్టూ గట్టి పొర కప్పుకుని కోడిగుడ్డు ఆకారపు సిస్టుగా మారుతుంది. ఈ సిస్టు పొడవు 8 నుంచి 12 మైక్రాన్లు. చల్లని నీటిలో వారాలు, ఒక్కొక్కప్పుడు నెలల తరబడి బతికి ఉంటుంది. స్వచ్ఛంగా మెరిసే మంచునీటి వాగు దానికి చక్కటి నివాసం. నీరు తేటగా ఉన్నంత మాత్రాన అది లేదని చెప్పలేము.

మొదటి ప్రపంచయుద్ధంలో గలిపోలీ వంటి రంగాల నుంచి విరేచనాలతో తిరిగివచ్చిన బ్రిటిష్ సైనికుల మలంలో జియార్డియా విరివిగా కనబడింది. లివర్‌పూల్‌లో ఫాంథం, పోర్టర్ అనే ఇద్దరు పరిశోధకులు సైనికుల నుంచి తీసిన సిస్టులను పిల్లికూనలకూ ఎలుకలకూ తినిపించి, వాటికీ జబ్బు చేస్తున్నదని 1916లో ప్రకటించారు. అయినా వైద్యలోకం పూర్తిగా నమ్మలేదు. ఎందుకంటే, ఏ బాధా లేని ఆరోగ్యవంతుల మలంలో కూడా ఇది కనబడుతుంది. కనుక ఇది పేగులో ఊరికే కాపురముండే హానిలేని అతిథి అని పాఠ్యగ్రంథాలు చాలాకాలం రాశాయి.

1954లో అమెరికాలోని రాబర్ట్ రెండ్‌టార్ఫ్ జైలు ఖైదీలైన స్వచ్ఛందుల చేత సిస్టులను గొట్టాల్లో మింగించి పరీక్షించాడు. కేవలం 10 సిస్టులు మింగినా ఇది పేగులో స్థిరపడగలదని తేలింది. బందీలుగా ఉన్నవారి మీద ఇటువంటి ప్రయోగాలను నేటి వైద్యనీతి అంగీకరించదు. ఆ మాట చెప్పకుండా ఈ సంగతి రాయడం నాకు సబబనిపించలేదు. విచిత్రమేమిటంటే, పరాన్నజీవి పట్టుకున్న ఆ మనుషుల్లో స్పష్టమైన జబ్బు కనబడలేదు. దానితో హానిలేనిదన్న పాత నమ్మకానికి మరికొంత బలం చేకూరింది. 10 సిస్టులు చాలునన్న మాట మాత్రం మరుగున పడిపోయింది. ఒక్క గుక్క నీటిలో ఎన్ని పట్టగలవో ఎవరూ లెక్క వేయలేదు.

కొండల నుంచి వచ్చిన సాక్ష్యం

ఈ నమ్మకాన్ని కదిలించింది ప్రయోగశాల కాదు, సెలవులకు కొండలెక్కినవారు.

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఆస్పెన్ అనే మంచుకొండల పట్టణం ఉంది. 1965–66 శీతకాలంలో అక్కడికి మంచుమీద జారే క్రీడకు వెళ్లి ఇళ్లకు తిరిగివచ్చినవారు, వారాల తరబడి తగ్గని విరేచనాలతో వేర్వేరు ఊళ్లలో వేర్వేరు వైద్యులను ఆశ్రయించారు. ఏ వైద్యునికైనా కనబడినది ఒకరిద్దరు రోగులే. అందరినీ ఒకచోట చేర్చి చూస్తే తప్ప అసలు కథ తెలియదు. ఆరోగ్యశాఖ పరిశోధకులు 1,094 మంది పర్యాటకులను విచారించగా, కనీసం 11 శాతం మందికి ఈ జబ్బు చేసినట్టు తేలింది. ఊరి మంచినీటి బావుల పక్కగా పోయే మురుగు గొట్టాలు కారుతున్నాయనీ, ఆ మురుగులో జియార్డియా సిస్టులు ఉన్నాయనీ కనుగొన్నారు. ఈ నివేదిక 1969లో వెలువడింది. నీటి ద్వారా ఇది ఒక ఊరికి ఊరినే పట్టగలదని చెప్పిన తొలి బలమైన సాక్ష్యాలలో అది ఒకటి.

తర్వాత కొన్నేళ్లకు సోవియట్ యూనియన్‌లోని లెనిన్‌గ్రాడ్ చూసివచ్చిన అమెరికా పర్యాటకుల వంతు వచ్చింది. అక్కడి కుళాయి నీళ్లు తాగినవారిలో చాలామంది ఇంటికి చేరాక జబ్బుపడ్డారు. ఈ యాత్రికులను విచారించినప్పుడే ఒక కీలకమైన విషయం బాగా స్థిరపడింది. నీళ్లు తాగిన రోజుకూ జబ్బు మొదలైన రోజుకూ మధ్య ఒకటి నుంచి మూడు వారాల ఎడం ఉంటుంది. కలుషితాహారంతో వచ్చే వాంతులు గంటల్లో వస్తాయి. ఇది మాత్రం ప్రయాణపు సంచి సర్ది పెట్టేసి, ఫొటోలు అందరికీ చూపించేశాక వస్తుంది. రోగి మరిచిపోతాడు, వైద్యుడు అడగడు.

1974లో యూటా రాష్ట్రంలోని యుఇంటా పర్వతాల్లో విడిది చేసిన ఒక బృందంలో సగానికి పైగా జియార్డియా బారినపడ్డారు. ఇక్కడ పట్టణం లేదు, మురుగు గొట్టాలు లేవు. వారు తాగినది కొండవాగు నీరు. మనిషి ఆనవాలు అంతగా లేని అడవిలో పారే నీరు కూడా అనుమానించదగినదే అన్న ఆలోచన ట్రెకింగ్ చేసేవారిలో పాకడం అప్పుడే మొదలైంది.

1976లో వాషింగ్టన్ రాష్ట్రంలోని కమాస్ అనే చిన్న ఊళ్లో సుమారు 600 మందికి ఈ జబ్బు చేసిందని అంచనా. ఆ ఊరికి నీళ్లు వచ్చే కొండవాగుల పరిసరాల్లో పట్టుకున్న బీవర్లలో జియార్డియా కనబడింది. కట్టెలతో వాగులకు అడ్డుకట్టలు కట్టుకుని నీళ్లలో బతికే జంతువు బీవర్. అప్పటినుంచి ఉత్తర అమెరికా కొండదారుల్లో దీనికి 'బీవర్ జ్వరం' అనే పేరు స్థిరపడింది. పేరులో జ్వరం ఉన్నా, ఈ జబ్బులో జ్వరం సాధారణంగా ఉండదు. నింద అంతా బీవర్ మీద వేయడం కూడా న్యాయం కాదు. దానికి ఆ పరాన్నజీవి మనిషి నుంచే సంక్రమించిన సందర్భాలు ఉండవచ్చునని శాస్త్రవేత్తలు చెబుతారు.

పట్టుకోవడం ఎందుకు కష్టమైంది?

సిస్టులు మలంలో ప్రతిరోజూ సమానంగా రావు. ఒకరోజు లక్షల్లో ఉంటాయి, మరుసటి రోజు ఒక్కటీ కనబడకపోవచ్చు. అందుకే ఒక్కసారి చేసిన పరీక్షలో లేదని వస్తే, జబ్బే లేదని తీర్మానించకూడదు. మా విద్యార్థి విషయంలో నేను చేసిన తప్పు సరిగ్గా ఇదే. వేర్వేరు రోజుల్లో మూడు నమూనాలు చూడాలన్నది పాత సూత్రం. ఇప్పటికీ అది చెల్లుతుంది.

మలంలో దొరకనప్పుడు వైద్యులు ముక్కు ద్వారానో నోటి ద్వారానో గొట్టం వేసి చిన్నపేగు మొదటి భాగంలోని ద్రవాన్ని తీసి చూసేవారు. 1970 ప్రాంతంలో ఇంకో ఉపాయం వచ్చింది. నైలాన్ దారం చుట్టి ఉన్న గొట్టాన్ని రోగి మింగుతాడు. దారపు ఒక కొసను చెంపకు అంటిస్తారు. కొన్ని గంటల తర్వాత దారాన్ని మెల్లగా బయటికి లాగి, చివర అంటిన పసుపుపచ్చని జిగురును సూక్ష్మదర్శిని కింద చూస్తారు. వినడానికి గారడీలా ఉన్నా, ఎందరికో రోగనిర్ధారణ చేసిన పద్ధతి ఇది. తర్వాతి దశాబ్దాల్లో పరాన్నజీవి ప్రోటీన్లను గుర్తించే యాంటిజెన్ పరీక్షలు, ఇటీవల దాని జన్యుపదార్థాన్నే వెతికే పీసీఆర్ పరీక్షలు వచ్చాయి. వీటితో ఒక్క నమూనాలోనే పట్టుకునే అవకాశం బాగా పెరిగింది. కానీ ఏ పరీక్ష అయినా, చేయించాలని వైద్యునికి తోచినప్పుడే పనికివస్తుంది.

మందుల కథ

ఈ జబ్బుకు తొలి నమ్మకమైన మందు వేరొక జబ్బు కోసం పుట్టింది. మలేరియాకు వాడే మెపాక్రిన్ జియార్డియా మీద కూడా పనిచేస్తుందని 1930ల చివర తెలిసింది. పనిచేసేది కానీ భరించలేని చేదు, చర్మం పసుపురంగుకు తిరగడం, అరుదుగా మతిభ్రమణం వంటి ఇబ్బందులు ఉండేవి.

తర్వాత ఫ్రాన్సులో స్త్రీల జననాంగాలకు సోకే ట్రైకొమోనాస్ అనే పరాన్నజీవి కోసం మెట్రొనిడజోల్ తయారైంది. 1960ల ఆరంభంలో అది జియార్డియాకు కూడా వాడుకలోకి వచ్చింది. దాని దగ్గరి బంధువైన టినిడజోల్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది కనుక చాలామందికి ఒక్క మోతాదు సరిపోతుంది. పిల్లలకు నిటజోక్సనైడ్ అనే మరో మందు కూడా ఉంది. ఒక మందుకు లొంగనివారికి వేరొకటి ఇవ్వవలసి రావచ్చు. మెట్రొనిడజోల్, టినిడజోల్ వాడే రోజుల్లో మద్యం ముట్టరాదు. గర్భవతులు ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పాలి.

ఇక్కడ మన ప్రాంతపు అలవాటు ఒకటి చెప్పాలి. విరేచనాలు కాగానే మందుల దుకాణంలో రెండు మెట్రొనిడజోల్ మాత్రలు కొని మింగి, కాస్త నెమ్మదించగానే మానేయడం మనకు మామూలు. సగం మందుతో పరాన్నజీవి చావదు, కానీ పరీక్షలో కొన్నాళ్లు కనబడకుండా పోవచ్చు. రోగికి జబ్బు మిగులుతుంది, వైద్యునికి సాక్ష్యం మాయమవుతుంది.

ఇంకో మాట. మందుతో పరాన్నజీవి పోయినా, పేగు గోడ కోలుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ కాలంలో పాలు అరగవు. పాలు తాగగానే ఉబ్బరం వస్తే, జబ్బు తిరగబెట్టిందని మళ్లీ మందు మింగనక్కరలేదు. మా విద్యార్థికి నెలరోజులు పాలు మాన్పించాము. తర్వాత అతను ఎప్పటిలాగే తాగగలిగాడు.

ఖాట్మండులో కొత్త అతిథి

జియార్డియా తెలిసిపోయింది కదా, ఇక అంతా తేలికే అనుకున్న రోజుల్లో హిమాలయాలు మరో పాఠం చెప్పాయి.

1989లో ఖాట్మండులో విదేశీయులకు వైద్యం చేసే ఒక క్లినిక్‌లో డేవిడ్ ష్లిమ్, ఆయన సహచరులు ఒక వింతను గమనించారు. వర్షాకాలపు నెలల్లో వచ్చే కొందరు రోగులకు విరేచనాలతోపాటు విపరీతమైన నీరసం, అన్నం చూస్తేనే విముఖత ఉండేవి. జబ్బు వారాల తరబడి సాగేది. మలంలో గుండ్రని బంతుల్లాంటివి కనబడ్డాయి. అవి ఏమిటో ఎవరికీ తెలియదు. నాచు జాతికి చెందినవేమోనని కొంతకాలం అనుకున్నారు. 1993లో పెరూకు చెందిన ఇనెస్ ఒర్తెగా, ఆమె సహచరులు ఇది సైక్లోస్పొరా అనే పరాన్నజీవి అని నిరూపించారు. జియార్డియాకు వాడే మందులు దీనిమీద పనిచేయవు.

మరి దీనికి మందేమిటి? నేపాల్‌లోనే రోగులను రెండు భాగాలు చేసి, కొందరికి కోట్రైమాక్సజోల్, మరికొందరికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి పరీక్షించారు. 1995లో వెలువడిన ఆ ఫలితం ప్రకారం, ఏడు రోజుల తర్వాత మందు తీసుకున్న 16 మందిలో ఒక్కరిలో మాత్రమే పరాన్నజీవి మిగిలింది. ఉత్తుత్తి మాత్రలు తీసుకున్న 17 మందిలో 15 మందికి అలాగే ఉంది. చవకగా ప్రతి ఊళ్లోనూ దొరికే పాత మందే అది. సల్ఫా మందులు పడనివారు మాత్రం దీని జోలికి పోకూడదు.

1994లో నేపాల్‌లోని పోఖరాలో ఉన్న 14 మంది చిన్న బ్రిటిష్ సైనిక బృందంలో 12 మందికి ఇదే జబ్బు వచ్చింది. వాళ్లు తాగిన నీటిలో క్లోరిన్ సరిపడా ఉంది. అయినా నీటిలో సైక్లోస్పొరా ఉన్నట్టు తేలింది. క్లోరిన్ బిళ్ల వేశాం కదా అని నిశ్చింతగా ఉండేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. క్లోరిన్ బాక్టీరియాను బాగా చంపుతుంది. జియార్డియాను చంపడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. సైక్లోస్పొరా, క్రిప్టోస్పొరీడియం వంటివి దానికి లొంగవు.

నేరమంతా నీటిదేనా?

చరిత్రలో నిజాయితీ కావాలంటే ఇంకో పక్షాన్ని కూడా వినాలి. 1990ల తర్వాత కొందరు వైద్యులు పాత నివేదికలన్నీ తిరగేసి, అమెరికా అడవుల్లో వాగునీటికీ జియార్డియాకూ ముడిపెట్టే ఆధారాలు అనుకున్నంత బలంగా లేవని వాదించారు. విడిదిలో చేతులు కడుక్కోకుండా వంట చేయడం, ఒకే గిన్నెలో అందరూ చేతులు పెట్టడం కూడా అంతే కారణం కావచ్చునన్నారు. అపలాచియన్ కొండదారిలో నెలల తరబడి నడిచినవారి మీద జరిపిన ఒక సర్వే 2003లో వెలువడింది. నీటిని ప్రతిసారీ శుద్ధి చేసుకున్నవారిలో, మలవిసర్జన తర్వాత చేతులు, తిన్నాక గిన్నెలు శుభ్రంగా కడుక్కున్నవారిలో విరేచనాలు తక్కువ అని అందులో తేలింది. కనుక నీటితోపాటు చేతులనూ అనుమానించాలి.

ఇక నార్వే దేశపు బెర్గెన్ నగరపు ఉదంతం. అక్కడి వైద్యులకు జియార్డియా బాగా తెలుసు. అయితే అది విదేశాలకు వెళ్లివచ్చినవారికి వచ్చే జబ్బని వారి నమ్మకం. 2004 శరదృతువులో ఊరుదాటనివారికి విరేచనాలు పట్టుకుంటే, ఆ పరీక్ష చేయించాలని చాలామందికి తోచలేదు. అక్టోబరు చివర అసలు సంగతి బయటపడేసరికి, నగరానికి నీళ్లిచ్చే జలాశయంలోకి మురుగు చేరి వారాలు గడిచాయి. ప్రయోగశాలలో నిర్ధారణ అయినవారే 1,200కు పైగా. ఆ రోగులను పరిశోధకులు మూడేళ్ల తర్వాత మళ్లీ విచారించారు. వారిలో 46 శాతం మందికి తరచూ కడుపునొప్పి, విరేచనాలు వచ్చే పేగుల సమస్య ఉంది. జబ్బు రానివారిలో అది 14 శాతం మాత్రమే. దీర్ఘకాలిక నీరసం కూడా అదే తీరుగా ఎక్కువగా కనబడింది.

'హానిలేని అతిథి' అని ఒకప్పుడు రాసినదాని గురించి ఈ లెక్కలు. నేను ఆ విద్యార్థిని మూడు నెలలు ఆలస్యం చేశానన్న మాట ఈ అంకెలు చదివినప్పుడల్లా గుర్తుకువస్తుంది.

మనకు ఇందులో ఏముంది?

మనవాళ్లు కొండలెక్కడం కొత్త కాదు. చైత్రపౌర్ణమికి నల్లమలలోని సలేశ్వరానికి నడిచేవారు, ఫాల్గుణ పౌర్ణమికి తిరుమల కొండల్లో తుంబురు తీర్థానికి వెళ్లేవారు, ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహుని దాకా ఎక్కేవారు, కేదారనాథ్, అమరనాథ్ యాత్రికులు, వీరందరూ ట్రెకింగ్ చేసేవారే. ఇప్పుడు మన పిల్లలు సెలవులకు హిమాలయాలకూ వెళుతున్నారు. తీర్థం పుచ్చుకోవద్దని నేను చెప్పను. దాహం తీర్చుకునే నీటి గురించి మాత్రమే నా మాట.

వాగునీరు ఎంత తేటగా ఉన్నా మరిగించి తాగండి. కళపెళ మరిగాక ఒక నిమిషం చాలు. 2,000 మీటర్ల ఎత్తు దాటితే మూడు నిమిషాలు మరగనివ్వండి. 4,000 మీటర్ల ఎత్తున నీరు 86 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది. అయినా ఈ పరాన్నజీవులు చావడానికి ఆ వేడి సరిపోతుంది. మరిగించే వీలు లేకపోతే, ఒక మైక్రాన్ లేదా అంతకంటే సన్నని రంధ్రాలున్న వడపోత సాధనం వాడి, తర్వాత క్లోరిన్ వేయండి. నీటికి దూరంగా వెళ్లి గుంట తవ్వి మలవిసర్జన చేసి, మన్ను కప్పండి. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి. మీ దిగువన ఆ వాగునీటినే తాగేవారు ఉంటారు.

ఇంటికి వచ్చిన నెలలోగా విరేచనాలు పట్టుకుని, వారం దాటినా తగ్గకపోతే వైద్యుని వద్దకు వెళ్లండి. ఎక్కడికి వెళ్లారో, ఏ తేదీన తిరిగివచ్చారో, ఏ నీళ్లు తాగారో వైద్యుడు అడగకపోయినా మీరే చెప్పండి. అంతకుముందే మింగిన మాత్రల పేర్లు దాచకండి. మొదటి పరీక్షలో ఏమీ లేదని వచ్చి బాధ తగ్గకపోతే, మళ్లీ చేయించమని నిస్సంకోచంగా అడగండి. మలంలో రక్తం, తీవ్రమైన జ్వరం, నాలుక పిడచకట్టుకుపోవడం, మూత్రం తగ్గిపోవడం ఉంటే మాత్రం వారం ఆగకుండా ఆ రోజే వెళ్లండి. అది వేరే జబ్బు కావచ్చు.

ఆ విద్యార్థి ఇప్పుడు యాభై దాటిన పెద్దమనిషి. మొన్న సంక్రాంతికి ఫోను చేసి, తన కూతురు స్నేహితులతో హిమాలయాలకు వెళుతున్నదని చెప్పాడు. "నీళ్ల సంగతి చెప్పావా?" అని అడిగాను. "చెప్పాను డాక్టరుగారూ. తిరిగి వచ్చాక జబ్బు చేస్తే ఆ ప్రయాణం సంగతి డాక్టరుకు ముందే చెప్పమని కూడా చెప్పాను" అన్నాడు నవ్వుతూ.

మీ పిల్లలకు మీరూ చెప్పండి.